తంగేడును గుర్తుపట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

భాద్రపదం వెళ్ళిపోతూ ఉండగా రోడ్డు పక్కన పసుపుపచ్చగా ఏది పూసినా తంగేడే అనుకోవడం చాలామందికి అలవాటు. పువ్వును మాత్రమే చూసి పోల్చుకోబోతే, పొరబడడానికి కనీసం అరడజను మొక్కలు మన చుట్టూ ఉన్నాయి. తంగేడు అసలు ఆనవాలు పువ్వులో కన్నా ఆకు మొదట్లో స్పష్టంగా ఉంటుంది. కింది జవాబుల్లో పదే పదే ఆ ఆకు మొదటికే తిరిగి రావడం అందుకే.

తంగేడు పొదా, చెట్టా? చూడడానికి ఎలా ఉంటుంది?

పొదే. నేల దగ్గర నుంచే నాలుగైదు కొమ్మలుగా చీలి, గుబురుగా పెరుగుతుంది. మెట్ట భూముల్లో ఎక్కువగా మనిషి నడుము నుంచి భుజం దాకా ఎత్తు ఉంటుంది. ఎవరూ నరకకుండా వదిలేసిన చోట అంతకు మించి ఎదిగిన పొదలు కూడా కనబడతాయి గానీ, ఒకే మానుతో నిటారుగా లేచి నీడనిచ్చే చెట్టు మాత్రం కాదు. మీరు తల పైకెత్తి పూలను చూడవలసి వస్తున్నదంటే, ఆ చెట్టు తంగేడు కాదని సగం తేలిపోయినట్టే.

దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. చిక్కుడు, కంది, చింతలు ఉన్న ఫాబేసి కుటుంబానికే చెందుతుంది. భారతదేశపు పొడి ప్రాంతాలూ శ్రీలంకా దీని పుట్టిల్లు. ఎక్కడి నుంచో తెచ్చి నాటినది కాదు, ఈ నేలదే. ముళ్ళు ఉండవు. కొమ్మ తుంచితే పాలు కారవు. ఈ రెండూ మొదటే చూసుకుంటే కొన్ని పొరపాట్లు అక్కడికక్కడే తొలగిపోతాయి.

సతత హరితం అంటారు కదా, ఎండాకాలంలో కూడా పచ్చగానే ఉంటుందా?

ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో చుట్టూ గడ్డి గోధుమరంగుకు తిరిగి, టేకు వంటివి మోడుబారి నిలిచినప్పుడు కూడా తంగేడు పొద మీద ఆకు ఉంటుంది. నీటి ఎద్దడి మరీ ఎక్కువైన చోట ఆకు పలచబడి, రంగు కాస్త బూడిదబారుతుందే తప్ప పొద మొత్తం బోడిది కాదు. వానాకాలంలో అన్నీ పచ్చగానే ఉంటాయి కనుక ఈ గుణం అప్పుడు మనకు కనబడదు. వేసవిలో ఎండిన బీడులో పచ్చగా, విడివిడిగా, తలా ఒక గొడుగులా నిలబడ్డ గుబుర్లను చూస్తే అప్పుడు తెలుస్తుంది. మేకలూ పశువులూ దీన్ని పెద్దగా ముట్టవు. మేతతో బోడిబారిన గుట్టల మీద కూడా తంగేడు మిగిలి ఉండడానికి అదొక కారణం.

ఆకు మొదట్లో ‘చెవి’ ఉంటుందంటారు. అది ఏమిటి?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఒక కొమ్మను చేతిలోకి తీసుకుని, ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోటును చూడండి. అక్కడ కాడకు ఇటొకటి అటొకటిగా, చిన్న ఆకుల్లాంటి రెండు పచ్చని రేకులు ఉంటాయి. వృక్షశాస్త్ర పాఠాల్లో వీటినే పత్రపుచ్ఛాలు అంటారు. చాలా మొక్కల్లో ఇవి వెంట్రుకంత సన్నగా ఉండి, ఆకు విచ్చుకోగానే రాలిపోతాయి. వెతికినా దొరకవు. తంగేడులో అలా కాదు. ఇవి వెడల్పుగా, గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో ఉంటాయి. ఒక పక్క అంచు సన్నని దారంలాంటి కొసగా సాగి ఉంటుంది. ఆకు ముదిరినా రాలకుండా దాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. కొమ్మను కొద్ది దూరం నుంచి చూస్తే, ప్రతి ఆకు మొదట్లోనూ రెండు బుల్లి చెవులు నిక్కబొడుచుకుని వింటున్నట్టు కనిపిస్తాయి.

శాస్త్రీయ నామంలోని ‘ఆరిక్యులేటా’ అన్న మాటకు లాటిన్‌లో అర్థం కూడా అదే, చిన్న చెవి గలది అని. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ ఈ మొక్కకు పేరు పెట్టినప్పుడు బంగారు రంగు పువ్వును వదిలి ఈ చెవిని పట్టుకున్నాడంటే, ఆయన చూపు ఎక్కడ నిలిచిందో ఆలోచించండి. పువ్వులు పసుపుగా ఉండే బంధువులు దీనికి లెక్కలేనన్ని ఉన్నాయి. ఇలాంటి చెవులున్నవి మాత్రం మన ప్రాంతంలో దాదాపు లేవు.

‘దాదాపు’ అని ఎందుకు అన్నానంటే, ఆఫ్రికా నుంచి వచ్చి నీలగిరుల వంటి చల్లని కొండ ప్రాంతాల్లో స్థిరపడిన సెన్నా డిడిమోబోట్రియా అనే పొదకు కూడా పెద్ద చెవులుంటాయి. అయితే దాని పూలు నిలువు కంకులుగా లేస్తాయి. కంకి పైభాగంలో విచ్చని మొగ్గలను నల్లని పొరలు కప్పి ఉంటాయి. ఊటీ వెళ్ళినప్పుడు దాన్ని చూసి తంగేడు అనుకోకుండా ఉంటే చాలు. కరీంనగర్ గుట్టల్లోనో అనంతపురం బీడుల్లోనో ఆ బెడద లేదు.

ఆకులో ఇంకేం చూడాలి?

తంగేడు ఆకు సంయుక్త పత్రం. అంటే మనం ఆకులు అనుకునే చిన్న చిన్న పచ్చని బిళ్ళలు నిజానికి పత్రకాలు, అవన్నీ కలిసి ఒక ఆకు. నడిమి ఈనె సుమారు జానెడు లోపు, తొమ్మిది నుంచి పన్నెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దానికి రెండు వైపులా ఎదురెదురుగా ఎనిమిది నుంచి పన్నెండు జతల పత్రకాలు ఉంటాయి. కొసన ఒంటి పత్రకం ఉండదు, జతతోనే ముగుస్తుంది. కరివేపాకు వంటి వాటితో పోల్చి చూసే పిల్లలకు ఈ సరి, బేసి లెక్క బాగా పనికివస్తుంది.

ఒక్కో పత్రకం రెండు, రెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు ఉంటుంది. రెండు కొసలూ గుండ్రంగానే ఉంటాయి గానీ, చివర సూది మొనంత చిన్న ముల్లులాంటి కొస ఒకటి పొడుచుకుని ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది, గుచ్చుకోదు. పైన మసక ఆకుపచ్చ, అడుగున ఇంకాస్త వెలిసిన రంగు. పత్రకాలు ఒకదాని అంచు మీదికి ఒకటి కొద్దిగా ఎక్కి ఉంటాయి. అందుకే ఆకు మొత్తం కిక్కిరిసినట్టు, కట్టుదిట్టంగా కనబడుతుంది.

ఇప్పుడు రెండో గట్టి ఆనవాలు. ఆకును ఎండకు అడ్డంగా పట్టుకుని, పత్రకాల జత ఈనెకు అతికే చోట, ఆ రెంటి మధ్యన చూడండి. సన్నని పుల్లముక్కలాంటి చిన్న గ్రంథి ఒకటి నిటారుగా నిలబడి ఉంటుంది. మొదటి జత మధ్య ఒకటి, రెండో జత మధ్య ఒకటి, అలా ప్రతి జత మధ్యా ఉంటుంది. తంగేడు బంధువులైన మిగతా సెన్నాలలో కొన్నింటికి ఈ గ్రంథి అసలే ఉండదు, కొన్నింటికి ఒక్కటే ఉంటుంది, కొన్నింటికి కింది జతల దగ్గర మాత్రమే ఉంటుంది. చెవీ గ్రంథీ రెండూ కలిసి కనబడితే ఇక పువ్వు కోసం ఆగవలసిన పని లేదు.

సాయంత్రం పూట చూడబోతే ఒక చిక్కు ఉంది. పొద్దు వాలాక పత్రకాలు ముడుచుకుంటాయి, ఆకు వాడిపోయిందేమో అనిపిస్తుంది. పగటి పూట చూడడమే మేలు.

పువ్వు దగ్గరగా చూస్తే ఎలా ఉంటుంది?

విచ్చుకున్న పువ్వు అడ్డంగా దాదాపు ఐదు సెంటీమీటర్లు ఉంటుంది. సన్నని కాడ, ఐదు రక్షక పత్రాలు, ఐదు పసుపు రేకులు. రేకుల అంచులు కొద్దిగా నలిగిన పట్టుగుడ్డలా ముడతలు పడి ఉంటాయి. కాస్త పాతబడిన రేకు మీద నారింజ రంగు ఈనెలు బయటపడతాయి. ఐదు రేకులూ ఒకే కొలతలో ఉండవు కనుక పువ్వు చుట్టూ ఒకేలా కనబడదు. పూలు పై ఆకుల పంచల్లోంచి చిన్న చిన్న గుత్తులుగా వస్తాయి. ఆ గుత్తులన్నీ కొమ్మ చివర దగ్గరదగ్గరగా చేరడంతో పైనుంచి చూసినవారికి ఒకే పెద్ద పూలచెండులా అనిపిస్తుంది.

రేకుల మధ్యన పది కేసరాలుంటాయి. పదీ ఒకలాంటివి కావు. పైనున్న మూడు చిన్నవి, పుప్పొడి లేని వంధ్య కేసరాలు. నడుమ ఉన్నవి ఓ మోస్తరు. అడుగున ఉన్న మూడు మాత్రం పొడుగ్గా, వంపు తిరిగి, ముందుకు చాచుకుని ఉంటాయి. వాటితో పాటే సన్నని కొడవలిలా వంగిన ఆకుపచ్చని అండకోశం. ఇక్కడ ఒక వింత ఉంది, ఒకే గుత్తిలోని నాలుగైదు పూలను వరుసగా చూస్తే తెలుస్తుంది. ఒక పువ్వులో ఆ కొడవలి ఎడమకు వంగి ఉంటే, ఇంకో పువ్వులో కుడికి వంగి ఉంటుంది, అద్దంలో ప్రతిబింబంలాగా. ఇది జబ్బూ కాదు, వేరే రకమూ కాదు. తంగేడుతో పాటు ఈ కోవకు చెందిన చాలా సెన్నాలలో ఉన్న ఏర్పాటే.

ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కూడా పరాగకోశాల చివర ఉన్న చిన్న రంధ్రాల్లోంచే బయటికి రావాలి. పొద్దున్నే పొద దగ్గర కాసేపు నిలబడితే పెద్ద నల్ల తుమ్మెద వచ్చి కేసరాలను పట్టుకుని, రెక్కల కండరాలను అదరగొట్టి, ‘జుం’ మని ఒక పొట్టి మోత మోగించడం వినబడుతుంది. ఆ అదురుకు పుప్పొడి చిమ్ముకొచ్చి దాని ఒంటికి అంటుకుంటుంది. గాలిలో ఎగిరేటప్పటి మోతకూ ఈ మోతకూ తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. ఆనవాలు పట్టడానికి ఇది అక్కరలేదు. నాకు ఇష్టం కనుక చెప్పాను.

కాయ ఎలా ఉంటుంది?

కాయ ఏడు నుంచి పదకొండు సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు, బల్లపరుపుగా ఉంటుంది. ఎండితే లేత గోధుమరంగుకు మారి, కాగితంలా పలచబడి, గింజకూ గింజకూ మధ్య అలలు అలలుగా ముడతలు పడుతుంది. పాత పువ్వు అండకోశం కొసనుండే సన్నని కాడ, అంటే కీలం, కాయ కొసన తోకలా మిగిలే ఉంటుంది. లోపల పన్నెండు నుంచి ఇరవై దాకా గింజలుంటాయి, ఒక్కో గింజకు ఒక్కో గది. ఎండిన కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటుంది. పువ్వులున్న పొద మీదే కిందటి విడత కాయలు కూడా వేలాడుతూ ఉండడం మామూలే. కనుక పువ్వు కనబడినా కాయ కోసం వెతకండి.

సీమ తంగేడుకూ తంగేడుకూ తేడా ఏమిటి?

రోడ్ల పక్కన, కార్యాలయాల ఆవరణల్లో, పార్కుల్లో నీడ కోసం నాటిన చెట్టు సీమ తంగేడు, అంటే సెన్నా సయామియా. ఇది ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. పట్నాల్లో పెరిగినవాళ్ళు దీన్నే తంగేడు అనుకోవడానికి కారణం తెలిసిందే, రోజూ కళ్ళ ముందు ఉండేది ఇదే. ఇది మంచి మానున్న చెట్టు. పత్రకాలు తంగేడు కన్నా బాగా పొడవుగా, కొద్దిగా కోలగా ఉంటాయి. ఈనె మీద గ్రంథులు ఉండవు, ఆకు మొదట్లో చెవులు ఉండవు. పూలు చిన్నవి, కొమ్మ చివర పెద్ద పెద్ద కంకులుగా వస్తాయి. కాయలు చాలా పొడుగు, పదిహేను నుంచి పాతిక సెంటీమీటర్ల దాకా ఉండి, గుత్తులుగా వేలాడుతూ ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. కాగితంలా నలగవు, బిరుసుగా ఉంటాయి.

పండుగ రోజుల్లో సంతలో తంగేడు దొరకని చోట సీమ తంగేడు కంకులు కట్టలు కట్టి అమ్మడం నేను చూశాను. దాన్ని మోసం అనలేను, అమ్మే మనిషికి కూడా తేడా తెలియకపోవచ్చు. కట్టలో ఒక్క ఆకున్నా సరే, దాని మొదలు చూస్తే సంగతి తేలిపోతుంది.

కసివిందను తంగేడు అనుకునే ప్రమాదం ఉందా?

ఉంది. పైగా ఇక్కడ పొరపాటు పడితే ఊరికే పేరు తప్పడంతో పోదు.

కసివింద, శాస్త్రీయంగా సెన్నా ఆక్సిడెంటాలిస్, వానాకాలంలో పెంటకుప్పల పక్కన, పాడుబడిన ఇళ్ళ దగ్గర, చెత్త నేలల్లో లేచే చిన్న మొక్క. పూలు పసుపే, కాయలూ చిక్కుడు కాయల వరసే. కానీ పత్రకాలు మూడు నుంచి ఐదు జతలకు మించి అరుదుగా ఉంటాయి. అవి వెడల్పుగా మొదలై కోసుగా ముగుస్తాయి. ఆకును నలిపితే ముక్కు తిప్పుకునేంత వాసన వస్తుంది. గ్రంథి ఒక్కటే ఉంటుంది, అదీ కాడ మొదట్లో. కాయ సన్నగా, కొద్దిగా వంగి, పైకి నిక్కి ఉంటుంది. దాని రెండు అంచుల వెంట లేత రంగు పట్టీ కనబడుతుంది.

పశ్చిమ ఉత్తర ప్రదేశ్‌లో ఏటా చలికాలానికి ముందు చిన్న పిల్లలను బలిగొన్న ఒక వింత జబ్బుకు ఈ కసివింద గింజలు తినడమే కారణమని 2007లో వైద్య పరిశోధకులు చూపించారు. కాలేయమూ కండరాలూ మెదడూ ఒకేసారి దెబ్బతినే జబ్బు అది. తంగేడు గింజలని పేరు చెప్పి ఎవరైనా ఎండు గింజలు ఇస్తే, కాయనూ ఆకునూ చూడనిదే ఇంటికి తీసుకోకపోవడం మంచిది. కాయ లేకుండా గింజను మాత్రమే చూసి పోల్చుకోవడం సామాన్యులకు సాధ్యం కాదు.

తంటెం మొక్క, రేల చెట్టు సంగతేమిటి?

తంటెం లేదా తగిరిస అనే మొక్కకు మూడు జతల పత్రకాలే ఉంటాయి, అవి కొస వైపు వెడల్పుగా ఉంటాయి. కాయ పొడుగ్గా, సన్నగా, కొడవలిలా ఉంటుంది. వానలతో మొలిచి, గింజ రాలగానే ఎండిపోయే ఏడాది మొక్క కనుక వేసవిలో ఈ సందేహమే రాదు.

రేల చెట్టును తంగేడు అనుకోవడం కష్టమే గానీ, ఫోటోల్లో పువ్వును మాత్రమే చూసి అడిగేవాళ్ళున్నారు. రేల ఎండాకాలంలో ఆకు రాల్చి పూసే చెట్టు. పూలు పొడవాటి దండల్లా కిందికి వేలాడతాయి. కాయ మూరెడు పొడవున్న నల్లని గొట్టం.

నేల తంగేడు, కొండ తంగేడు అన్నవి తంగేడులో రకాలా?

కావు. పేర్లను నమ్ముకుంటే ఇక్కడే తడబడతాం. నేల తంగేడు అని ఎక్కువగా సునాముఖిని అంటారు. విరేచనానికి వాడే ఆకు అదే. దాని పత్రకాలు సన్నగా, రెండు కొసలా కోసుగా ఉంటాయి, నాలుగు నుంచి ఎనిమిది జతలుంటాయి. బంధుత్వం ఉన్నా మొక్క వేరు, పని వేరు. కొండ తంగేడు అని అడవి ప్రాంతాల్లో పిలిచేది గట్టి కలపనిచ్చే ఒక పెద్ద చెట్టు. దాని పూలు గుండ్రని చిన్న బంతుల్లా ఉంటాయి, పొదతో దానికి పోలికే లేదు. కనుక ఎవరైనా ‘ఇది తంగేడే’ అన్నప్పుడు ‘ఏ తంగేడు?’ అని మరో మాట అడగడం మంచిది.

నర్సరీలో తంగేడు అని ఇచ్చిన మొక్క నిజంగా తంగేడేనా?

నా అనుభవమే చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక నర్సరీలో తంగేడు మొక్క అని డబ్బులిచ్చి కొని, ఇంటి గేటు పక్కన నాటాను. అది చూస్తుండగానే నా తల దాటింది. పూలు పసుపే, రేకులూ ఐదే. నాకు మాత్రం ఏదో తేడా అనిపించి, ఒకరోజు కేసరాలను లెక్కపెట్టాను. పది ఉన్నాయి, కానీ పదీ ఒకే పొడవున, పుప్పొడితో ఉన్నాయి. తంగేడులో ఉండే పెద్దా చిన్నా తేడా లేదు. గ్రంథులు కింది రెండు మూడు జతల దగ్గర మాత్రమే ఉన్నాయి. చెవులు లేవు. అది తోటల్లో అందం కోసం పెంచే సెన్నా సురాటెన్సిస్ అని అప్పుడు తేలింది. కొనేటప్పుడే ఆకు మొదలు చూసి ఉంటే రెండేళ్ళు ఆగవలసిన పని ఉండేది కాదు. ఆ మొక్కను తీసేయలేదు, పూస్తూనే ఉంది.

కొనేటప్పుడు పూలు ఉన్నాయా అని చూడకండి. నాలుగు ముదురు ఆకులున్న మొక్కను ఎంచుకుని, ఒక్కో ఆకు మొదటా చూడండి.

పచ్చ గన్నేరు, టెకోమా, పచ్చ తురాయి కూడా పసుపు పూలే కదా?

పువ్వు రంగు తప్ప వీటికి తంగేడుతో పోలిక లేదు. పచ్చ గన్నేరు ఆకు సన్నని కత్తిలా ఒంటిగా ఉంటుంది, తుంచితే పాలు కారతాయి, ఆ మొక్క అంతా విషం. టెకోమా పువ్వు గంటలా గొట్టంగా ఉంటుంది, పత్రకాల అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి. పచ్చ తురాయి పెద్ద చెట్టు. దాని ఆకు ఈనె మళ్ళీ పక్క ఈనెలుగా చీలి, ఆ పక్క ఈనెల మీద పత్రకాలుంటాయి.

పువ్వూ కాయా లేని కాలంలో బెరడును బట్టి చెప్పగలమా?

బెరడు సాయపడుతుంది గానీ అది ఒక్కటే చాలదు. తంగేడు బెరడు దాల్చినచెక్క రంగులో, పెద్దగా చీలికలు లేకుండా నునుపుగా ఉంటుంది. లేత కొమ్మల మీద సన్నని నూగు ఉంటుంది. నమిలితే నోరు పిడచకట్టుకుపోయేంత వగరు. అందులోని టానిన్ అనే పదార్థం వల్ల వచ్చే వగరు అది. ఈ పట్టతోనే దక్షిణాదిలో తోళ్ళు పదును చేసేవారు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఎగుమతైన, సగం వరకే పదును చేసిన తోళ్ళకు ఇదే ఆధారం. తరవాత దక్షిణాఫ్రికా నుంచి దిగుమతైన వాటిల్ అనే చెట్టు బెరడు దాని చోటును చాలా వరకు ఆక్రమించింది. రుచి చూసి గుర్తుపట్టమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. పొద ఏదో తెలియనప్పుడే కదా పరీక్ష, అప్పుడు నోట్లో పెట్టుకోవడం వెర్రితనం. ఆకు ఎలాగూ ఏడాదంతా ఉంటుంది, దాన్నే చూడండి.

ఎలాంటి చోట్ల వెతకాలి?

ఎర్ర గరప నేలలు, రాళ్ళ గుట్టల వాలు, చెరువు కట్టలు, బండి బాటల గట్లు, దున్నకుండా వదిలిన బీళ్ళు. ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. దట్టమైన అడవి నీడలో వెతికితే దొరకదు. తెలంగాణ మెట్టల్లోనూ రాయలసీమలోనూ పెద్దగా వెతకవలసిన పని లేదు, ఊరు దాటి కొద్ది దూరం నడిస్తే చాలు. ఒకప్పుడు రైతులు దీని రొట్టను వరి మడిలో తొక్కించేవారు, పచ్చిరొట్ట ఎరువుగా. పొద ఎక్కడెక్కడ ఉందో పాతతరం రైతులకు బాగా గుర్తుంటుంది. వాళ్ళను అడగడం కూడా ఒక దారే.

కొన్ని పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంది. అది వేరే మొక్కా?

అదే మొక్క. లినేయస్ కాసియా అన్నాడు. పద్దెనిమిదో శతాబ్దం చివరలో సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దాన్ని సెన్నా కిందికి మార్చాడు. ఆయన చనిపోయాక 1832లో అచ్చయిన గ్రంథంలో ఆ పేరు వెలువడింది. అయినా చాలాకాలం కాసియా అన్న పేరే వాడుకలో నిలిచింది. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పాత కాసియాను కేసరాల తీరూ కాయ తీరూ బట్టి విడదీయడంతో సెన్నా పేరు మళ్ళీ స్థిరపడింది. పాత ఆయుర్వేద, వ్యవసాయ పుస్తకాలలో కాసియా అని కనబడితే కంగారు పడనక్కరలేదు.

బతుకమ్మ పేర్చడానికి తెచ్చుకున్న పూలు తంగేడు పూలేనని ఎలా నిర్ధారించుకోవాలి?

పెతర అమావాస్య నాటి ఎంగిలి పూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాకా సాగే తొమ్మిది రోజుల పండుగలో గునుగు పూలతో పాటు తంగేడు లేకుండా బతుకమ్మ పేర్చరు. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించడానికి కూడా ఈ బంధమే కారణం. ఊళ్ళో అయితే ఆడవాళ్ళూ పిల్లలూ పొద్దున్నే చేలగట్ల వెంట వెళ్ళి గుత్తులు తుంచుకొస్తారు. అక్కడ పోల్చుకోవడం ప్రశ్నే కాదు. పట్నంలో కట్టలు కొనుక్కునేవారికి వస్తుంది చిక్కు. కట్టలోంచి ఒక రెమ్మను తీసి మూడు చూడండి. పువ్వు వెడల్పుగా, అంచులు ముడతలు పడి ఉన్నదా? పూలు పొడుగాటి కంకిలా కాకుండా ఆకుల నడుమ గుత్తిగా ఉన్నాయా? ఆకు మొదట్లో చెవులున్నాయా? మూడోది ఒక్కటి అవునంటే మొదటి రెండు అడగనక్కరలేదు. రెమ్మలను ఆకుతో సహా కోసి అమ్మేవారి దగ్గర కొనడం మేలని నా సలహా. పూలు ఎక్కువసేపు వాడకుండా ఉంటాయి, ఆనవాలూ చేతిలోనే ఉంటుంది.

ఆకును పురుగు తినేసింది. ఆనవాలు పోయినట్టేనా?

పోదు. తెల్లగా, లేత ఆకుపచ్చగా ఉండే కొన్ని సీతాకోక చిలుకలు సెన్నా జాతి ఆకుల మీద గుడ్లు పెడతాయి. వాటి పచ్చని గొంగళి పురుగులు తంగేడు పత్రకాలను ఈనె దాకా తినేస్తాయి. అలాంటి కొమ్మను వదిలి పక్క కొమ్మను చూడండి. పొదకు ఏమీ కాదు, కొద్ది వారాల్లో మళ్ళీ చిగురిస్తుంది. చిగురులో కూడా చెవులు ముందే కనబడతాయి.

తెలిసినవారికి ఫోటో పంపి అడగాలంటే ఏమేం తీయాలి?

చాలామంది పువ్వును మాత్రమే దగ్గరగా తీసి పంపుతారు. దానితో సగం సమాధానమే దొరుకుతుంది. మొత్తం పొద ఒకటి, పక్కన మనిషో గొడుగో ఉండేలా తీయండి, ఎత్తు తెలుస్తుంది. ఒక ఆకును కొమ్మకు అతికే చోటుతో సహా, చెవులు కనబడేలా తీయండి. అదే ఆకును వేళ్ళ మధ్య పరచి పట్టుకుని పత్రకాల మధ్య గ్రంథులు కనబడేలా, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఇంకొకటి తీయండి. పువ్వును ఎదురుగా తీయండి, కేసరాలు నీడలో పడకూడదు. కాయ ఉంటే పచ్చిదీ ఎండినదీ రెండూ. ఎక్కడ, ఏ నెలలో చూశారో రాయండి. మధ్యాహ్నం ఎండలో తీస్తే పసుపు రేకులు తెల్లగా తేలిపోతాయి కనుక, పత్రకాలు పూర్తిగా విచ్చుకున్నాక, ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య తీయడం మంచిది.